కొత్తపేట ఫిర్కాకి వచ్చిన ఇంటర్వ్యూ

“కొత్తపేట ఫిర్కా చరిత్రలో ఇంటర్వ్యూ రావడం ఇదే ప్రథమం. ఈ ఘనత యావత్తూ ప్రజలదే” అని ఫిర్కా పార్టీ అధ్యక్షులు శ్రీ కేశవరావు గారు ఒక ప్రకటన విడుదల చేశారు. ప్రకటన ఆయన వసారాలో, పడక్కుర్చీలో విడుదలైంది. దాన్ని అందుకున్నవాడు తాతాజీ. తాతాజీ ఫిర్కా పార్టీకి కార్యదర్శి, పత్రికకి విలేఖరి కూడాను. అంచేత ఆ ఫిర్కాలోని ఊళ్ళన్నిటా పార్టీకీ పత్రికకీ మధ్య అభిప్రాయభేదం అన్నది ఎన్నడూ రాలేదు.

ఇంటర్వ్యూ నిజానికి వచ్చింది రాఘవులికి.

రాఘవులు సత్తియ్య కొడుకు. సత్తియ్య కేశవరావు గారి కొబ్బరితోట కౌలుకి చేస్తాడు. ఆ ఇంట్లో అంతకుముందు బడి గడప తొక్కినవాళ్ళు లేరు. రాఘవులు మాత్రం స్కాలర్‌షిప్పుల మీద మద్రాసు దాకా వెళ్ళి బి.ఇ. పాసై వచ్చాడు. వచ్చాడే గాని, ఆ తరవాత మూడేళ్ళు ఏ ఆఫీసుకి రాసినా ఖాళీలు లేవన్నారు. ఈలోగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. కర్నూలు రాజధాని అయింది. అక్కడ సర్కారు ఆఫీసులు డేరాలు వేసుకుని కూర్చున్నాయి. ఆ డేరాల్లో ఒకదానికి గోదావరి పాయల మీద వంతెనలు కట్టాలన్న ఆలోచన కలిగి, జూనియర్ ఇంజనీర్లు కావాలని ప్రకటన వేసింది. ఆషాఢం వెళితే రాఘవులికి పాతికేళ్ళు నిండుతాయి. నిండితే సర్కారు కొలువుకి వయసు దాటిపోయినట్టే. అంటే అతనికి ఇది మొదటి ఇంటర్వ్యూ, ఆఖరిదీ ఇదే.

ఇంటర్వ్యూకి వెళ్ళేటప్పుడు నడవడి మంచిదని ఊళ్ళో పెద్దమనిషి చేత సంతకం చేయించుకు తెమ్మన్నారు. రాఘవులు ఆ సంతకం కోసం కేశవరావు గారి వసారా మెట్ల దగ్గర నిలబడ్డాడు.

“బాబుగారండీ, తమరొక్క సంతకం పెడితే...”

కేశవరావు గారు పడక్కుర్చీలో లేచి కూర్చున్నారు. “సంతకమేవిటోయ్! సంతకం ఎవడైనా పెడతాడు. నీ కోసం నేను సంఘం పెడతాను.”

“సంతకం చాలండి.”

“నీకు చాలొచ్చు. ప్రజలకి చాలొద్దూ?”

ప్రజల విషయంలో కేశవరావు గారు ఎంత పట్టుదల గలవారో ఫిర్కా అంతా ఎరుగును. ఆ ఆదివారమే ఆయన బియ్యం మిల్లులో సభ జరిగింది. కొత్తపేట ఫిర్కా ఇంజనీరింగు ఇంటర్వ్యూ సన్నాహక సంఘం పుట్టింది. కేశవరావు గారు అధ్యక్షులు, తాతాజీ కార్యదర్శి. ఎవరినీ నొప్పించకూడదు కాబట్టి ఉపాధ్యక్షులు చాలామంది. వారిలో మొదటివారు రిటైరైన హెడ్మాస్టరు రామ్మూర్తి పంతులు గారు. రాఘవుల్ని కూడా సభ్యుడిగా వేసుకుందామని ఎవరో అన్నారు గాని, అభ్యర్థి సంఘంలో ఉంటే నిష్పక్షపాతం దెబ్బతింటుందని పంతులు గారు అభ్యంతరం చెప్పారు. చివరికి రాఘవుల్ని ప్రత్యేక ఆహ్వానితుడిగా తీర్మానించి, వెనకాల బల్ల మీద కూర్చోబెట్టారు.

సంఘం చెయ్యవలసిన పని నమూనా ఇంటర్వ్యూలు. రోజూ సాయంత్రం రాఘవుల్ని కేశవరావు గారి వసారాలో కూర్చోబెట్టి ప్రశ్నలు అడగాలి. కర్నూల్లో అసలువాళ్ళు అడిగేసరికి అతనికి అలవాటై ఉండాలి. ఆలోచన మంచిదే. రాఘవులికి కూడా నచ్చింది. మద్రాసు నుంచి తెచ్చుకున్న పుస్తకాలన్నీ దులిపి మరీ వెళ్ళాడు.

మొదటి సాయంత్రం ముందు పనసాకు బుట్టల్లో ఉడికిన పొట్టిక్కలు పెట్టారు. తరవాత పూతరేకులు పెట్టారు. బొండాలు కొట్టి ఇచ్చారు. అందరూ చేతులు కడుక్కుని గంభీరంగా కూర్చున్నాక కేశవరావు గారు అన్నారు:

“పంతులు గారూ, తమరు మొదలెట్టండి.”

“అబ్బే, అధ్యక్షులుండగా నేనా? తమరడగాలండీ.”

“వయసులో పెద్దవారు తమరు.”

“హోదాలో పెద్దవారు తమరు కదండీ.”

“అలాగని తమర్ని దాటి అడగడం బావుంటుందాండీ?”

దీపాలు పెట్టేవేళ దాకా ఎవరూ ఎవరినీ దాటలేదు. ఆఖరికి పంతులు గారే సాహసించి, “ఏం నాయనా, కులాసాగా ఉన్నావా?” అని అడిగారు.

“ఆయ్, కులాసానండి” అన్నాడు రాఘవులు.

సభ్యులు చప్పట్లు కొట్టారు. మర్నాడు పేపర్లో తాతాజీ వార్త పడింది. అభ్యర్థి తొలి ప్రశ్నకే ఏమాత్రం తడుముకోకుండా జవాబు చెప్పి పెద్దల మెప్పు పొందెనని.

రెండో సాయంత్రం ఒక ఉపాధ్యక్షుడు దుడుకుగా, “కాంక్రీటులో ఏవేవి ఎంతెంత కలుపుతారు?” అని నేరుగా అడిగేశాడు. రాఘవులు నోరు తెరిచాడు. పంతులు గారు చెయ్యి అడ్డం పెట్టారు.

“ఆగండాగండి. ఇదేం పద్ధతండీ? ఇంటికొచ్చిన మనిషిని పదిమందిలో అలా అడిగెయ్యడమేనా? తెలీకపోతే ఏం కాను?”

“తెలుసండి” అన్నాడు రాఘవులు.

“తెలుసు నాయనా, కాదన్నానా? తెలీకపోతే అంటున్నాను. జవాబు తెలీని ప్రశ్న అడిగి, ఇంటికొచ్చినవాణ్ణి తలొంచుకునేలా చెయ్యడం మన వేపు ఉందా అని నేనడగడం.”

లేదని సభ్యులందరూ ఒప్పుకున్నారు. ప్రశ్న అడిగినవాడు లేచి రాఘవులికి క్షమాపణ చెప్పుకున్నాడు. చాలాసేపు చర్చించిన మీదట సంఘం ఒక నియమం చేసింది. అభ్యర్థికి ఇబ్బంది లేకుండా, ప్రశ్నలోనే జవాబు పెట్టి అడగాలి. అభ్యర్థి అవునంటే చాలు.

అయితే ఆ జవాబులు సంఘంలో ఎవరికీ తెలియవు. దీనికి కేశవరావు గారే త్యాగానికి సిద్ధపడ్డారు.

“ఏవోయ్ రాఘవులూ, పొద్దున్నే నా కాఫీ వేళకి వచ్చి నువ్వు నాకు చెప్పు. సాయంత్రం నేను నిన్ను అడుగుతాను.”

ఆ విధంగా నడిచింది. పొద్దున్నే రాఘవులు మెట్ల మీద కూర్చుని పాఠం చెప్పేవాడు. కొబ్బరి దింపేవాడి బరువుకి చెట్టు ఎక్కడ వంగుతుందో చూపించి దూలాల సంగతి చెప్పేవాడు. బియ్యం బస్తాలు ఒకదాని మీద ఒకటి వేసినప్పుడు అడుగుబస్తా ఎలా నలుగుతుందో చెప్పి స్తంభాల సంగతి వివరించేవాడు. కేశవరావు గారి ధారణ గొప్పది. గడిచిన ఎన్నికల్లో ఏ కార్యకర్త ఏ పూట ఎవరింట భోంచేశాడో ఇప్పటికీ కూరలతో సహా చెప్పగలరు. విన్నది విన్నట్టు పట్టేవారు.

సాయంత్రం వసారాలో ఆయన గొంతు మోగేది.

“ఏటి అడుగు ఇసుకైనప్పుడు, వరద ఆ ఇసుకని ఎంత లోతుకి కోస్తుందో లెక్కగట్టి, వంతెన పునాది అంతకన్నా కిందికి దించాలి కదా, రాఘవులూ?”

“ఆయ్.”

“కాంక్రీటులో నీళ్ళు ఎక్కువైతే పొయ్యడం సుళువే గాని, గట్టిదనం పోతుంది కదా, రాఘవులూ?”

“ఆయ్.”

వినడానికి వచ్చిన జనం మెట్ల మీద పట్టక దొడ్లోకి నిండిపోయారు.

“కేశవరావు గారికి ఇంత చదువుందని ఇన్నాళ్ళూ తెలీనేలేదండీ!”

“పైకి చెప్పుకోరండీ. ఆరి తత్వం అది.”

“పక్కన ఆ కుర్రాడెవరండీ?”

“సత్తియ్య కొడుకులెండి. పాపం నేర్చుకుంటన్నాడు.”

ఇంటికి వెళితే తల్లి నూకాలమ్మ అన్నం వడ్డిస్తూ ఇంటర్వ్యూ మొదలెట్టేది. ఆమెకి మర్యాద తెలియదు.

“ఏరా, ఇయ్యాలేం అడిగేరు?”

“ఏట్లో పునాదుల గురించమ్మా.”

“చెప్పేవా?”

“ఆరే చెప్పేరు.”

“మరి నువ్వేం చేసేవు?”

“ఆయ్ అన్నాను.”

నూకాలమ్మ గరిటె గిన్నెలో పెట్టేసింది. “అక్కడ కర్నూల్లోనూ ఆరే చెప్తారంట్రా?”

“అక్కడికి ఆరెందుకొస్తారమ్మా? అక్కడ నేనే చెప్పాలి.”

“అయితే నోరు తెరవడం ఎప్పుడు నేర్చుకుంటావురా నాయనా?”

ఆ ప్రశ్నలో జవాబు లేదు. రాఘవులు మజ్జిగ పోసుకుని లేచాడు. మర్నాటి నుంచి మధ్యాహ్నాలు తోటలోకి పోయి, కొబ్బరిచెట్ల ముందు నిలబడి జవాబులన్నీ పైకి చెప్పుకునేవాడు. చెట్లు ఎంతో నయం. మధ్యలో అందుకునేవి కావు.

అయితే మధ్యాహ్నాలు కూడా ఎన్నాళ్ళో దక్కలేదు. కొత్తపేట సంఘం సంగతి పేపర్లో చూసి అమలాపురం వాళ్ళు తామూ ఒక సంఘం పెట్టారు. అక్కడ అభ్యర్థి లేడు. అయినా వెనక్కి తగ్గలేదు. అధ్యక్షుణ్ణీ ఉపాధ్యక్షుల్నీ ముందు ఎన్నుకుని, అభ్యర్థిని మంగళవారాలు అరువివ్వవలసిందని కొత్తపేటకి కబురు పంపారు. కేశవరావు గారు సహృదయులు, ఇచ్చారు. అది తెలిసి రాజోలు వాళ్ళు అలిగారు. వారికి గురువారం ఇచ్చారు. ముమ్మిడివరం వాళ్ళు, మేం చేసిన పాపమేమిటండీ అన్నారు. రాఘవులు పడవల్లోనూ బస్సుల్లోనూ కోనసీమ అంతా తిరిగి ఆయ్ అనవలసి వచ్చింది. ప్రతిచోటా పొట్టిక్కలు పెట్టారు. ప్రతిచోటా పుస్తకం సంచీలోనే ఉండిపోయింది.

కర్నూలు ప్రయాణం దగ్గరపడుతుండగా సంఘానికి సొంత భవనం ఉండాలని సభ్యులు గుర్తించారు. శంకుస్థాపనకి సాక్షాత్తూ ప్రజాపనుల మంత్రిగారు వచ్చారు. రాయి నాటారు. దండలు వేయించుకున్నారు. తరవాత వేదిక మీద నమూనా ఇంటర్వ్యూ ప్రదర్శించారు. కేశవరావు గారు ఆ రోజు శిఖరాలు అందుకున్నారు. పునాదుల నుంచి పిట్టగోడల దాకా అడుగుతూ వెళ్ళారు, చెబుతూ వెళ్ళారు. రాఘవులు పక్కన నిలబడి ఎక్కడ ఆయ్ అనాలో అక్కడ అన్నాడు.

మంత్రిగారు తాతాజీ వేపు వంగి అడిగారు. “ఈ ఇంజనీరు గారు ఏ డివిజన్లో పనిచేస్తున్నారు?”

“ఆరు ఇంజనీరు కాదండీ. అధ్యక్షులండీ.”

“మరి ఆ పక్కన తలూపుతున్నది?”

“అతను ఇంజనీరండీ.”

మంత్రిగారు ఒక్క క్షణం ఆలోచించారు. మంత్రులు ఒక్క క్షణం ఆలోచిస్తే దేశానికి ఏదో ఒకటి జరుగుతుంది. ఆయన మైకు ముందుకి వచ్చారు.

“సోదరులారా! మన సెలక్షన్ బోర్డుల్లో అధికారులే తప్ప ప్రజల గొంతు లేదు. ఇంటర్వ్యూలు జరిపించిన అనుభవం గల అనధికారి ఈ రాష్ట్రంలో నాకు తెలిసి ఒక్కరే ఉన్నారు. శ్రీ కేశవరావు గారిని వంతెనల శాఖ సెలక్షన్ బోర్డులో సభ్యులుగా ఈ వేదిక మీదే నియమిస్తున్నాను!”

చప్పట్లు మిన్నుముట్టాయి. జనం వచ్చి కేశవరావు గారికి దండలు వేశారు. దండ అందనివాళ్ళు రాఘవులి భుజం తట్టారు.

“ఇంకేంటోయ్! బోర్డులో మన బాబుగారే! నీ ఉద్యోగం జేబులో ఉన్నట్టే!”

రాఘవులు ఆ సాయంత్రం పూతరేకు ముట్టలేదు. జనం పలచబడేదాకా ఉండి, కేశవరావు గారి దగ్గరికి వెళ్ళాడు.

“బాబుగారండీ, ఒక్క మనవి.”

“చెప్పవోయ్.”

“అక్కడ మాత్రం నన్ను చెప్పనివ్వండి.”

కేశవరావు గారు ఎంతో నొచ్చుకున్నారు. “అదేం మాటోయ్! నీకు నేనడ్డొస్తానా? అక్కడ నువ్వెవరో నేనెవరో. నిన్ను గుర్తుపట్టను కూడా గుర్తుపట్టను. అంత నిష్పక్షపాతంగా ఉంటాను, చూసుకో.”

ఆ మాట ఆయన నిలబెట్టుకున్నారు.

కర్నూల్లో ఎండకి డేరా గుడ్డ పెనంలా ఉంది. లోపల బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. నడుమ చీఫ్ ఇంజనీరు గారు. ఒక పక్క డిప్యూటీ సెక్రటరీ గారు, ఫైల్లోంచి తల ఎత్తకుండా. రెండో పక్క తెల్లటి ఖద్దరులో కేశవరావు గారు. రాఘవులు అరువు కోటులో చెమటలు కారుతుండగా నమస్కారం పెట్టాడు.

“నీ పేరేవిటి?” అని అడిగారు కేశవరావు గారు, ఎన్నడూ చూడనివాడిలా.

“రాఘవులండి.”

“ఏ ఊరు?”

“తమ తోట పక్కనేనండి.”

కేశవరావు గారు దగ్గారు. చీఫ్ ఇంజనీరు గారు ఆ దగ్గుని పట్టించుకోకుండా కళ్ళజోడు సవరించుకుని మొదలెట్టారు. “ఏటి అడుగు ఇసుక. వంతెన పునాది ఎంత లోతుకి దించుతారు?”

రాఘవులి గుండె ఎగిరి గంతేసింది. అతను కొబ్బరిచెట్లకి ఎక్కువసార్లు చెప్పిన జవాబు అదే. ఊపిరి పీల్చుకుని నోరు తెరిచాడు.

పదిమందిలో ఒక కుర్రాణ్ణి జవాబు లేకుండా ప్రశ్న అడిగేశారు. ఎదురుగా తనకి తెలిసినవాడు చెమటలు కక్కుతున్నాడు. కేశవరావు గారు గోదావరి గడ్డ మీద పుట్టిన మనిషి. చూస్తూ ఎలా ఊరుకుంటారు?

“వరద ఆ ఇసుకని ఎంత లోతుకి కోస్తుందో లెక్కగట్టి, అంతకన్నా కిందికి దించాలి కదా, రాఘవులూ?”

చీఫ్ ఇంజనీరు గారు ఆశ్చర్యంగా పక్కకి తిరిగారు.

“అంతేనండి” అన్నాడు రాఘవులు గబగబా. “ఆ లోతు ఎలా లెక్కగడతామంటే...”

“ఇసుక రేణువు ఎంత లావో చూసి, వరదలో ఎంత నీరొస్తుందో చూసి” అని ముగించారు కేశవరావు గారు.

“వాహ్!” అన్నారు చీఫ్ ఇంజనీరు గారు. “తమరు ఎక్కడ చదివారండీ?”

“ప్రజల్లోనండి” అన్నారు కేశవరావు గారు వినయంగా.

రెండో ప్రశ్న కాంక్రీటు మీద వచ్చింది. అందులో సిమెంటు పాళ్ళు, ఇసుక పాళ్ళు, కంకర పాళ్ళు, నీళ్ళు ఎక్కువైతే వచ్చే ప్రమాదం, ఎన్నాళ్ళు తడపాలి, అన్నీ కేశవరావు గారు వరసగా అప్పజెప్పారు. చీఫ్ ఇంజనీరు గారు కుర్చీ పూర్తిగా అటు తిప్పుకున్నారు. ఇంటర్వ్యూ మహా రంజుగా సాగుతోంది. రాఘవులు తనకున్న ధైర్యమంతా కూడదీసుకున్నాడు.

“అయ్యా, ఈ ప్రశ్నకి జవాబు నేను చెబుతానండి.”

డిప్యూటీ సెక్రటరీ గారు మొదటిసారి ఫైల్లోంచి తలెత్తారు. “పెద్దవాళ్ళు మాట్లాడుతుండగా మధ్యలో రాకూడదు బాబూ” అని, ఏదో రాసుకుని మళ్ళీ తల దించేశారు.

“ఆఖరి ప్రశ్న” అన్నారు చీఫ్ ఇంజనీరు గారు, కేశవరావు గారితోనే. “వంతెన మీద ఎంత బరువు పడుతుందని లెక్క వేసుకుని కడతాం?”

ఈ పాఠం రాఘవులు చెప్పిన పూట కేశవరావు గారు మంత్రిగారి దండల ఏర్పాట్లలో ఉన్నారు. చెవిన పడింది గాని లోపలికి వెళ్ళలేదు. అయినా ఆయన తడబడలేదు. ప్రజాజీవితంలో తడబడ్డవాడు అక్కడే ఆగిపోతాడు.

“ప్రారంభోత్సవం నాడు పడే బరువండీ. మంత్రిగారు, వారి పరివారం, మేళం, దండలు పట్టుకొచ్చినవాళ్ళు, చూడొచ్చిన జనం. వంతెనకి అంతకి మించిన బరువు మళ్ళీ జన్మలో పడదండీ.” ఆగి, ఇటు తిరిగారు. “కదా, రాఘవులూ?”

డేరా గుడ్డ గాలికి టపటపా కొట్టుకుంది. చీఫ్ ఇంజనీరు గారు ఈసారి కుర్చీ ఇటు తిప్పారు. అరగంట తరవాత ఆయన రాఘవుల్ని చూడడం అదే. బరువు లారీలు వరసగా వచ్చేటప్పుడు పడే భారం, రోడ్డు రోలరు భారం, అదిరినప్పుడు పెరిగే భారం, అన్నీ రాఘవులి నాలిక చివర ఉన్నాయి. కాదండీ అంటే చాలు. ఆ వెనకాలే అవన్నీ వాటంతటవే వచ్చేస్తాయి.

కేశవరావు గారు అతని మొహంలోకే చూస్తున్నారు. ఆ చూపులో ఇదివరకెప్పుడూ లేని బెదురు ఒకటి కనపడింది. ఇద్దరు పెద్ద అధికారుల ముందు ఆయన తలొంచుకోవడం రాఘవులు ఊహించుకున్నాడు. ఆయన తోటలో వంగి పనిచేస్తున్న తండ్రినీ ఊహించుకున్నాడు. ఏం చెయ్యాలో ఇంకా తేల్చుకోనేలేదు. వసారాల్లోనూ వేదికల మీదా అన్ని సాయంత్రాలు సాధన చేసిన నోరు, అతని కోసం ఆగలేదు.

“ఆయ్” అంది.

చీఫ్ ఇంజనీరు గారు కలం మూత పెట్టేశారు. “మీరు వెళ్ళొచ్చు.”

ఫలితం రాఘవులికి రాలేదు. కేశవరావు గారికి వచ్చింది. ఆయన దాన్ని వసారాలోంచి ప్రకటనగా విడుదల చేశారు. అభ్యర్థి మొత్తం మీద ఒక్క ప్రశ్నకి నిర్ధారణగా జవాబు చెప్పాడనీ, అది తప్పనీ బోర్డు అభిప్రాయపడింది. అనధికార సభ్యుల సాంకేతిక పరిజ్ఞానం మాత్రం తమను చకితుల్ని చేసిందని చీఫ్ ఇంజనీరు గారు స్వయంగా పైకి రాశారు. దాని మీద ప్రభుత్వం రాష్ట్ర వంతెనల సలహా సంఘం అని ఒకటి స్థాపించి, కేశవరావు గారిని అధ్యక్షులుగా వేసింది. రాఘవులి విషయం కూడా బోర్డు మరిచిపోలేదు. అతను శ్రీ కేశవరావు గారి దగ్గర ఆర్నెల్లు సాంకేతిక శిక్షణ పొందితే, అప్పుడు మళ్ళీ చూడవచ్చునని సిఫారసు చేసింది.

పేపర్లో తాతాజీ పెద్దక్షరాల్లో వేయించాడు: ‘కొత్తపేట ఫిర్కాకి ఉద్యోగం.’

సన్మాన సభ బ్రహ్మాండంగా జరిగింది. పంతులు గారు రాఘవుల్ని దగ్గరికి తీసుకుని కళ్ళు ఒత్తుకున్నారు. “చూశావా నాయనా, అంత దూరం వెళ్ళి కూడా నిన్ను ఇబ్బంది పడనివ్వకుండా ఎలా ఆదుకున్నారో!”

వాకిట్లో నూకాలమ్మ ఎదురొచ్చింది. “ఉద్యోగం వచ్చిందని ఊరంతా మేళం పెట్టేరు. ఎవరికిరా?”

“ఫిర్కాకమ్మా” అన్నాడు రాఘవులు.

మర్నాడు కాఫీ వేళకి కబురొస్తే వెళ్ళాడు. కేశవరావు గారు ఈసారి మెట్ల మీద కాకుండా ఎదురుగా కుర్చీ వేయించి, కాఫీ కూడా ఇప్పించారు.

“దిగులుపడకు. ఆర్నెల్లు ఎంతలోకొస్తాయి?”

“ఆర్నెల్లకి నా వయసు దాటిపోతుందండి.”

“వయసుదేముందోయ్! నాకు యాభై ఎనిమిది. నన్ను తీసుకోలేదూ?”

కేశవరావు గారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

“సరే, శిక్షణ మొదలెడదాం. వచ్చే నెల్లో కర్నూల్లో మా సలహా సంఘం తొలి సమావేశం. వంతెన ఏ వరసలో కట్టాలో నేను ఉపన్యాసం ఇవ్వాలట. ఎక్కణ్ణించి మొదలెట్టి ఎక్కడికి రావాలి? ముందు నువ్వు నాకు చెప్పు. తరవాత నేను నీకు నేర్పుతాను.”

రాఘవులు కాఫీ ఆఖరి గుక్క దాకా తాగాడు. గ్లాసు కింద పెట్టి, పైపంచె అంచుతో మూతి తుడుచుకున్నాడు.

“ముందు పైన రోడ్డు వేస్తారండి” అన్నాడు నింపాదిగా. “అది బాగా ఆరనిస్తారు. ఆరేక, తీరిక చూసుకుని కింద స్తంభాలు కడతారు.”

కేశవరావు గారి కళ్ళు మెరిశాయి. “అంటే స్తంభాలు లేకుండానే ప్రారంభోత్సవం చేసెయ్యొచ్చన్నమాట!”

“నిక్షేపంలా చెయ్యొచ్చండి.”

“ఇన్నాళ్ళూ ఈ సంగతి ఎందుకు చెప్పలేదోయ్?”

“తమరు అడగలేదండి.”

తొలి సమావేశం విశేషాలు పేపర్లో మొదటి పేజీలో వచ్చాయి. కేశవరావు గారు ప్రతిపాదించిన నూతన పద్ధతి మీద పొద్దుట నుంచి సాయంత్రం దాకా లోతైన చర్చ జరిగిందని తాతాజీ రాశాడు. దేశంలో ఎవరికీ తట్టని ఈ ఆలోచన తమకెంతో నచ్చిందని చీఫ్ ఇంజనీరు గారు బలపరిచారు. డిప్యూటీ సెక్రటరీ గారు ఒకే ఒక సవరణ తెచ్చారు. స్తంభాల సంగతి రాబోయే పంచవర్ష ప్రణాళికలో, నిధులుంటే చూడవచ్చునన్నారు. సవరణతో సహా తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.